లీన్‌బాఖ్ గురువుగారి ఒటిలి

ఒటిలికి పదిహేనో ఏడు నడుస్తుండగా తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే, వరద రోజుల్లో దుంగల తెప్ప మీంచి కాలు జారి రైన్ నదిలో పడి, మళ్ళీ తేలలేదు. ఇంట్లో మిగిలింది తనూ, నాలుగేళ్ళ తమ్ముడు వీగండూ. పిల్లవాణ్ణి మఠానికి ఇచ్చేసి, ఒటిలికి పెళ్ళి చేసి పంపించేద్దామని బంధువులు తీర్మానించారు. ఒటిలి ఒప్పుకోలేదు.

"వాడికి చెవిపోటొస్తుంది. నూనె వెచ్చజేసి పోసేదెవరు, మఠాధిపతా?" అంది.

బాజెల్ పట్నంలో కలిగినవాళ్ళ దుప్పట్లు, పెద్దగుడి గురువుల తెల్లంగీలు ఉతకడానికి కుదిరింది. చలికాలంలో నది నీళ్ళలో చేతులు పెడితే వేళ్ళు ముందు ఎర్రబడేవి, తర్వాత తెల్లబడేవి, ఆ తర్వాత తనవి కానట్టు ఉండేవి. తమ్ముడు ఒడ్డున తడి ఇసుకలో పుల్లతో అక్షరాలు గీసేవాడు. వాడికి చదువు ఎంత బాగా అబ్బిందంటే, కొన్నాళ్ళకు బడిపంతులు ఒటిలిని పిలిపించి, "నా దగ్గరున్నదంతా అయిపోయిందమ్మా. వీణ్ణి హైడెల్‌బర్గ్ పంపించు. అక్కడ వేదాంతం చెప్పే పెద్దలున్నారు" అన్నాడు.

ఆ రోజుల్లోనే క్లేవి అని ఒక పడవవాడు ఆమెను చేసుకుంటానని తిరిగేవాడు. మంచివాడు, నవ్వుమొహం వాడు. ఒటిలికీ అతనంటే ఇష్టమే. కానీ పెళ్ళి చేసుకుంటే తమ్ముడి చదువు ఆగిపోతుందని, ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటూ వచ్చింది.

"మీవాడు పండితుడయ్యేసరికి నాకు పళ్ళూడిపోతాయి ఒటిలీ," అని క్లేవి నవ్వాడు. ఆ వసంతంలో జాలరివాళ్ళ పిల్లని చేసుకున్నాడు. ఒటిలి ఆ పెళ్ళికి వెళ్ళింది, అందరితో కలిసి ఆడింది, ఇంటికొచ్చి మర్నాటి ఉతుకుబట్టలు నానబెట్టింది.

వీగండ్ హైడెల్‌బర్గ్ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఒక్కతీ ఉండలేకపోయింది. నదికి ఎగువన, పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే దూరంలో, లీన్‌బాఖ్ అనే ద్రాక్షతోటల పల్లె ఉంది. అక్కడి గుడి గురువుగారికి వంటమనిషి కావాలంటే వెళ్ళింది.

ఆ గురువుగారి పేరు బుర్కార్ట్. సన్నటి మనిషి, గొంతు ఇంకా సన్నం. ఆయన ప్రసంగం వినాలంటే ఊరంతా మెడలు ముందుకు చాచాల్సిందే. గుడి వెనక తేనెటీగల్ని పెంచేవాడు. వాటితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయన గొంతు చక్కగా వినబడేదని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవారు.

ఒటిలి వచ్చిన రెండో చలికాలం ఊళ్ళో పిల్లలకు గొంతువాపు జ్వరం సోకింది. బుర్కార్ట్ గారు పొద్దున ఒక చిన్న పెట్టె, సాయంత్రం ఒక చిన్న పెట్టె పూడ్చిపెట్టి వచ్చేవారు. ఒకనాడు మిల్లువాళ్ళ కవలలిద్దర్నీ ఒకే గోతిలో పెట్టి ఇంటికొచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, చెంచా పట్టుకోలేకపోయారు. ఒటిలి చెంచా ఆయన చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. మొదలైంది అలాగే.

గురువులు పెళ్ళి చేసుకోకూడదని సంఘం కట్టడి. అయినా ఊరేమీ అనలేదు. పక్కూరి గురువుగారింట్లోనూ ఒకామె ఉంది, ఆ పక్కూళ్ళోనూ ఉంది. పేరుకు అందరూ వంటమనుషులే. లీన్‌బాఖ్‌లో ఆమెను "గురువుగారి ఒటిలి" అనేవారు. ఆ మాటలో వెక్కిరింపు లేదు, గౌరవమూ లేదు. గుడిలో ఆడవాళ్ళందరి వెనకా నిలబడేది. పెళ్ళి విందుల్లో తలుపు దగ్గరి బల్ల ఆమెది. ఊరి ముందు ఆయన్ని "మీరు" అనేది, తలుపు వేసుకున్నాక "నువ్వు" అనేది. మొదటి బిడ్డ మగపిల్లవాడు, పుట్టిన వారానికే పోయాడు. తర్వాత అఫ్రా పుట్టింది. ఆ పిల్లకు మాటలు వచ్చీరాగానే నేర్పిన మొదటి సంగతి, వీధిలో నాన్నని "గురువుగారూ" అని పిలవాలని.

ఒకటి మాత్రం ఒటిలికి మింగుడుపడేది కాదు. ఏటా చలికాలం మొదట్లో, మార్టిన్ పండగ రోజుల్లో బిషప్పుగారి అధికారి ఒకడు గాడిద మీద వచ్చేవాడు. ఇంట్లో ఆడమనిషిని పెట్టుకున్న గురువుల దగ్గర సొమ్ము వసూలు చేసి, చూసీచూడనట్టు వెళ్ళిపోవడం వాడి పని. బిడ్డ పుడితే అదనం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఉయ్యాల పన్ను. మగబిడ్డ పోయిన ఏడు కూడా పుచ్చుకున్నాడు. "పుట్టాడా లేదా? పుడితే చాలు," అన్నాడు.

* * *

కొన్నేళ్ళు గడిచాయి. బాజెల్‌లో మహాసభ మొదలైంది. లోకంలోని బిషప్పులూ మఠాధిపతులూ పండితులూ మా పట్నంలో చేరి, దేవుడి సంఘాన్ని శుభ్రం చేస్తామని కూర్చున్నారు. పోపు వద్దన్నా లేవలేదు. ఇళ్ళ అద్దెలు పెరిగాయి, చేపల ధర పెరిగింది, గుర్రాల లద్దె పెరిగింది. హైడెల్‌బర్గ్ పండితులతో కలిసి వీగండ్ వచ్చాడన్న కబురు ద్రాక్ష అమ్మడానికి వెళ్ళినవాళ్ళు తెచ్చారు.

ఒటిలి ఎండు బేరిపళ్ళు మూటగట్టుకుని, తేనె కుండ ఎత్తుకుని వెళ్ళింది. పొడుగాటి నల్లంగీ వేసుకున్న మనిషి మెట్లు దిగి వచ్చి ఆమె ముందు ఆగిపోయాడు.

"అక్కా! నువ్వు ఇంత పొట్టిదానివా?"

"నేను పొట్టిదాన్ని కాదురా, నువ్వే తాడిలా ఎదిగావు. వంగు." వంగితే చెవి పట్టుకుని చూసింది. "చెవిపోటు తగ్గిందా?"

"చలికి వస్తుంది," అన్నాడు పండితుడు.

ఆ రోజు నది ఒడ్డున కూర్చుని అతను చెప్పిందంతా ఆమె విన్నది. సంఘం ఒక ఒళ్ళు లాంటిదట. తలకు జబ్బు చేస్తే అవయవాలన్నీ కలిసి తలను కాపాడుకోవాలట. అందుకే పోపు కంటే సభే పెద్దదట. పదవులు అమ్ముకునేవాళ్ళనీ, గుడి ముఖం చూడకుండా నాలుగు గుళ్ళ రాబడి తినేవాళ్ళనీ ఈ సభ ఊడ్చేస్తుందట. చెబుతున్నప్పుడు అతని మొహం, ఇసుకలో మొదటిసారి తన పేరు రాసుకున్ననాటి మొహంలా ఉంది. ఒటిలికి సగమే అర్థమైంది. కానీ ఉతికిన దుప్పట్లలో ఒక్కటీ వృథా పోలేదనుకుంది.

ఆ మార్టిన్ పండక్కి వీగండ్ లీన్‌బాఖ్ వచ్చాడు. అక్క సంగతి అతనికి తెలియనిది కాదు. తెలిసినా ఎప్పుడూ ఎత్తలేదు, అంతే. బుర్కార్ట్ గారూ అతనూ పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు లాటినులో, కాసేపు మన భాషలో మాట్లాడుకున్నారు. అఫ్రా మామయ్య ఒళ్ళో కూర్చుని, బూడిదలో వేలితో తన పేరు రాయడం నేర్చుకుంది. బాతు వేగుతోంది. ఒటిలికి తన జన్మలో అంతకంటే మంచి రోజు గుర్తులేదు.

సరిగ్గా అప్పుడే గాడిద వచ్చి వాకిట్లో ఆగింది. అధికారి లోపలికొచ్చి చలి కాచుకుంటూ, అలవాటు ప్రకారం, "ఏం గురువుగారూ, ఈ ఏడు కూడా ఉయ్యాల ఖాళీయేనా? మీరు ముసలివారయ్యారా, మా ఒటిలమ్మ ముసలిదయ్యిందా?" అని నవ్వాడు.

బుర్కార్ట్ గారు తల వంచుకుని లోపలికి వెళ్ళి ఇవ్వాల్సింది తెచ్చి ఇచ్చారు. ఒటిలి బాతు వైపు తిరిగి నిలబడింది. వీగండ్ మొహం పాలిపోయింది.  అధికారి వెళ్ళాక అఫ్రాను ఒళ్ళోంచి దింపి, "ఇది ఆగాలి. నేను ఆపుతాను," అన్నాడు.

"ఆపగలవా తమ్ముడూ?" అంది ఒటిలి.

"సభ తలుచుకుంటే ఆగుతుంది."

ఆ తర్వాత రెండేళ్ళూ ఒటిలి ఆశతో బతికింది. సంతలో ఒక మాట తిరుగుతోంది. సభవాళ్ళు గురువులకు పెళ్ళి చేసుకోవడానికి సెలవిస్తారట అని. మిల్లు మెట్జి ఆ మాట మోసుకొచ్చింది. మెట్జి అంటే ఆ కవలల తల్లి, ఊళ్ళో ఒటిలికి ఉన్న ఒకే ఒక స్నేహితురాలు.

"ఏమే, ముసలి పెళ్ళికూతురా! తల నెరిశాక పూలకిరీటం పెట్టుకుంటావేమిటే?"

"ఛీ, ఊరుకో వదినా," అంది ఒటిలి. కానీ ఆ రోజే పెట్టె తెరిచి, తల్లి నాటి నీలం గౌను తీసి, చిమ్మెట కొట్టిన చోట కుట్టింది.

* * *

మంచు మోకాలిలోతు పడ్డ జనవరి నెలలో వీగండ్ నడిచి వచ్చాడు. బుర్కార్ట్ గారు చావుమంచం మీదున్న ఎవరికో పవిత్రతైలం పూసి చివరి అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళి ఉన్నారు. ఒటిలి అతని తడి మేజోళ్ళు విప్పి పొయ్యి దగ్గర ఆరేసింది. జావ పెట్టింది. తినలేదు.

"ఉయ్యాల పన్ను పోయిందక్కా. ఇక ఏ బిషప్పూ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే రెట్టింపు పేదలకు పంచాలి. శాసనం అయిపోయింది."

"నా తండ్రే!" అని ఒటిలి అతని తల దగ్గరికి తీసుకోబోయింది. అతను ఆమె చేతులు పట్టుకుని ఆపాడు.

"ఇంకా ఉంది. ఇంట్లో ఆడవాళ్ళున్న గురువులు రెండు నెలల్లో పంపించెయ్యాలి. పంపకపోతే రాబడి పోతుంది, తర్వాత పదవి పోతుంది. పిల్లలు కూడా తండ్రితో ఒక ఇంట్లో ఉండకూడదు."

ఒటిలి కూర్చుంది. "పెళ్ళి చేసుకోనిస్తారన్నారే?"

"తూర్పుదేశాల్లో గ్రీకు గురువులకు భార్యలుంటారు. అదే అన్నాను సభలో."

"అంటే?"

"నవ్వారు. 'పండితుడుగారికి పెళ్ళి మీద మనసయినట్టుంది' అన్నాడొకాయన. అందరూ నవ్వారు. రెండోసారి లేవలేకపోయాను."

"మా అక్క ఇలా ఉందని చెప్పలేదా?"

వీగండ్ పొయ్యిలోకి చూస్తూ, "చెబితే నా మాట చెల్లేది కాదు. అక్క కోసం మాట్లాడుతున్నాడనేవాళ్ళు," అన్నాడు.

"అక్క కోసం మాట్లాడితే తప్పేంట్రా?"

వీగండ్ జావగిన్నె పక్కకు జరిపాడు. శాసనానికి తనూ చెయ్యెత్తానని చెప్పాడు. ఆ పన్ను ఉండటమో, ఈ శాసనం రావడమో, రెండిట్లో ఒకటే కుదిరేలా ఉంది కాబట్టి, ఆ సిగ్గుమాలిన బేరం కంటే చట్టమే మేలనుకున్నానని చెప్పాడు. పట్నంలో ఆమెకూ అఫ్రాకూ గది చూస్తానన్నాడు. ఒటిలి లేచి మేజోళ్ళు తీసి చూసింది. ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా అతని చేతికిచ్చి, "చీకటి పడేలోగా పట్నం చేరాలి నువ్వు," అంది.

ఈస్టరు ముందటి ఉపవాస దినాల్లో ఒక ఆదివారం శాసనం గుళ్ళలో చదివారు. లీన్‌బాఖ్‌లో చదవాల్సింది బుర్కార్ట్ గారే. ముందు లాటినులో చదివారు. తర్వాత మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు ఎవరూ మెడ ముందుకు చాచలేదు. గుడి అంత నిశ్శబ్దంగా ఉంది. "పుట్టిన బిడ్డలు" అన్నచోట ఆగిపోయారు. ఊరంతా నేల చూస్తోంది. ఒక ముసలాయన దగ్గాడు. బుర్కార్ట్ గారు మళ్ళీ ఆ మాట దగ్గర్నుంచే మొదలుపెట్టి చివరిదాకా చదివారు. ఆడవాళ్ళ వెనక నిలబడ్డ ఒటిలి చేతిని అఫ్రా పట్టుకుంది. అంతకు ముందు గుడిలో ఎప్పుడూ పట్టుకోలేదు.

బయటికి రాగానే మెట్జి దగ్గరికొచ్చింది. "ఆయన చదవమన్నది చదివాడు. నువ్వెళ్ళి పొయ్యి ముట్టించు. ఇలాంటివి ఎన్ని చదవలేదు?"

ఒటిలి కూడా అలాగే అనుకుంది. భోజనం దగ్గర, "పక్కూరాయన కదల్లేదట. అధికారి మళ్ళీ వస్తే గుట్టుగా ఏదో ముట్టజెబుతాడట. మనమూ అలాగే..." అని మొదలుపెట్టింది.

"నీ తమ్ముడు పోట్లాడి మాన్పించినదాన్ని మనమే మళ్ళీ మొదలుపెడదామా?" అన్నాడాయన.

"మావాడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పు. నువ్వేమంటావు?"

బుర్కార్ట్ చాలాసేపు రొట్టెముక్కను నలిపాడు. "పూజలో దివ్యప్రసాదం పైకెత్తినప్పుడల్లా నా చేతులు వణుకుతాయి ఒటిలీ. ఇన్నేళ్ళూ వణికాయి. వెనక నుంచి నీకు కనబడదు. ఏటా ఈస్టరు ముందు పాపసంకీర్తనానికి వెళ్ళి, ఇంకో గురువు ముందు నా పాపాలు చెప్పుకునేటప్పుడు..."

"ఏం చెప్పేవాడివి?"

ఆయన నలిపిన రొట్టెపొడిని బల్ల అంచుకు తోశాడు.

"నన్నే చెప్పేవాడివా?"

"నీ పేరెప్పుడూ చెప్పలేదు."

"అఫ్రా పుట్టిన ఏడు కూడానా?"

ఆయన అరచెయ్యి బల్ల మీద ఆనించి, తల ఊపాడు.

ఒటిలి కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వస్తే వెళ్ళి దించింది. ఇన్నేళ్ళూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. తను దాన్ని కాపురం అనుకుంది. ఆయన ప్రతి వసంతంలోనూ దాన్ని తీసుకెళ్ళి ఎవరి కాళ్ళ దగ్గరో కక్కి, కడుక్కుని, మళ్ళీ ఇంటికొచ్చి తినేవాడు. ఆయన అబద్ధం ఆడలేదు, నిజమే. ఆడినా బాగుండేదనిపించింది.

గడువు తీరేలోపే మెట్జి మొగుడి బండిలో సామాను ఎక్కించారు. ఊళ్ళో సగం మంది వాకిళ్ళలో నిలబడ్డారు. బుర్కార్ట్ గారు తేనె కుండ తెచ్చి అఫ్రా చేతికిచ్చారు. బండి కదలబోతుంటే అఫ్రా నడివీధిలో, అందరికీ వినబడేలా, "నువ్వు రావా నాన్నా?" అంది. ఆ పిలుపుకు ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

* * *

తమ్ముడు చూస్తానన్న గదికి ఒటిలి వెళ్ళలేదు. సభ పుణ్యమా అని బాజెల్‌లో కాగితానికి గిరాకీ పెరిగి, కొత్తగా కాగితం మిల్లులు లేచాయి. అలాంటి ఒక మిల్లులో తల్లీకూతుళ్ళు కాగితం గుజ్జుకు పాతగుడ్డలు ఏరే పనిలో చేరారు. గుండీలు కోసి, కుట్లు విప్పి, తెల్లవి ఒక గంపలో, రంగువి ఒక గంపలో వెయ్యాలి. ఆ దుమ్ముకు ఒటిలికి దగ్గు పట్టుకుంది.

వీగండ్ మిల్లు దాకా రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఒటిలి బయటికి రాలేదు. రెండోసారి గంప చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.

"తిన్నావా అక్కా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

అతను వెళ్ళిపోయాడు. అతని అంగీ మోచేతి దగ్గర చిరిగిందని ఆమె చూసింది. సూదీ దారం తెమ్మని అఫ్రాతో అనబోయి, మానేసింది.

మెట్జి సంతకు వచ్చినప్పుడల్లా ఊరి కబుర్లు చెప్పేది. పక్కూరాయన అధికారికి గుట్టుగా ముట్టజెప్పాడు. ఆమె అక్కడే ఉంది. దాని పక్క ఊరాయనా అంతే. "మీ ఆయన ఒక్కడికే పట్టింది ఈ పిచ్చి. మూడు పూటలా చల్లటి జావే తాగుతున్నాడు. తేనెటీగలు కూడా ఎగిరిపోయాయట," అంది.

"ఎవరైనా వంటమనిషిని చూడవే," అంది ఒటిలి.

"చూశాను. వద్దన్నాడు."

నాలుగేళ్ళు పైగా అలా గడిచాక ఒక ఎండాకాలం పట్నంలో మహమ్మారి పడింది. చంకలో గడ్డ లేచిన మనిషి మూడో రోజు చూడటం లేదు. సభకు వచ్చిన పెద్దలు కొందరు గుర్రాలెక్కి పోయారు, కొందరు ఇక్కడే చచ్చారు. గోతులు తవ్వేవాళ్ళు చాలలేదు. మిల్లు ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం వీగండ్ ఉండే ఇంటి యజమానురాలు ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, వీధిలోనే నిలబడి అరిచింది. "పండితుడుగారి అక్కవు నువ్వేనా? ఆయనకు తగిలింది. నేను ఇల్లు వదిలేసి పోతున్నాను. తాళం గుమ్మంలో ఉంది."

అఫ్రా తల్లి దారికి అడ్డంగా నిలబడింది. పదహారేళ్ళ పిల్ల అప్పటికి. "వెళ్ళకు. మనల్ని వీధిన పడేసినవాడు. ఆ పెద్దలందరూ ఏరీ? వాళ్ళు చూసుకోరా?"

"వాడికి నేను తప్ప ఎవరూ లేరే."

"మనకు మాత్రం ఎవరున్నారు?"

"అది నిజమే," అంది ఒటిలి. అని, కూతుర్ని పక్కకు జరిపి వెళ్ళింది.

వీగండ్ గదిలో పుస్తకాల మధ్య పడి ఉన్నాడు. ఆమె దుప్పటి మార్చింది, ఒళ్ళు తుడిచింది, తడిగుడ్డ నుదుటి మీద వేసింది. మొదటి రోజు అతను ఆమెను అమ్మా అన్నాడు. రెండో రోజు తెలివి వచ్చింది.

"పోపును దించేశామక్కా. ఇంకొకణ్ణి పెట్టబోతున్నారు. మళ్ళీ ఇద్దరు పోపులు. దీన్ని మాన్పడానికే కదా కూర్చున్నది?" అని నవ్వబోతే దగ్గు వచ్చింది. "అంతా అయిపోయింది. ఏదీ మారలేదు. నిన్ను ఒక్కదాన్నీ ఇంట్లోంచి గెంటించి..."

"ముందు ఇది తాగు."

"క్షమించానని చెప్పు."

"తాగమన్నానా!"

తాగాడు. చెప్పాలంటే ఆమెకు క్షమ అనేది ఎక్కడుందో దొరకలేదు. పిడికిలి విప్పితే అందులో ఉంటుందనుకునే వస్తువు కాదది. అతని తల ఒళ్ళో పెట్టుకుని, చెవి వెనక వేలితో నిమిరింది. చిన్నప్పుడు చెవిపోటుకు అలాగే చేసేది. అతను నిద్రపోయాడు.

చివరి సంస్కారానికి గురువు కావాలి. వీధి వీధంతా వెతికినా దొరకలేదు. ఉన్నవాళ్ళు పోయారు, పోనివాళ్ళు తలుపు తియ్యడం లేదు. అఫ్రా కింద వీధిలోకి వచ్చి నిలబడి ఉంది. ఒటిలి కిటికీలోంచి చూసింది.

"నేను నాన్న దగ్గరికి వెళ్తాను," అంది అఫ్రా. ఆ మాట తల్లి అడగకముందే తనే అంది.

మర్నాడు బుర్కార్ట్ గారు అఫ్రాతో కలిసి వచ్చారు. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. చంకలో పవిత్రతైలం సంచీ. మెట్లెక్కి వచ్చి ఒటిలిని చూసి, వీగండ్ వైపు తిరిగారు.

"లీన్‌బాఖ్ గురువుగారా?" అన్నాడు వీగండ్.

"అవును నాయనా. చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పుకో."

పాపసంకీర్తనం వేళ వేరే మనిషి ఉండకూడదు. ఒటిలి మెట్ల మీదికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. లోపల్నుంచి మాటలు తెలియకుండా ఒక గొణుగుడు వినబడింది. చాలాసేపు సాగింది. ఒక గొంతు ఆగిపోయి, మళ్ళీ మొదలయ్యేది. ఒకప్పుడు ఈయన తనను ఎవరికో పాపంగా చెప్పుకున్నాడు. ఇప్పుడు వాడు ఈయనకు చెప్పుకుంటున్నాడు. ఏమని చెప్పుకున్నాడో ఆమె ఎప్పటికీ అడగలేదు. అడిగినా చెప్పకూడని మాట అది. తలుపు తెరిచినప్పుడు ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఆ సాయంత్రం పొద్దు వాలకముందే వీగండ్ పోయాడు.

శవాన్ని బండివాళ్ళు తీసుకుపోయాక ఒటిలి రొట్టె కోసింది. "కూర్చో. పొద్దుటినుంచీ తినలేదు," అంది.

"ఒకే ఇంటికప్పు కింద కూర్చోకూడదు కదా," అన్నారు బుర్కార్ట్ గారు.

"వాడే పోయాడు. ఇంకా ఎవరు చూస్తారు?"

ఆయన రొట్టె తీసుకుని, మెట్లు దిగి, గుమ్మం అవతల వీధిలో నిలబడ్డారు. "ఇక్కడ కప్పు లేదు. ఇక్కడ తినొచ్చు," అన్నారు. నవ్వించడానికే అన్నట్టున్నారు. ఒటిలి గుమ్మం లోపల నిలబడి, అఫ్రా గుమ్మం మీద కూర్చుని, ముగ్గురూ తిన్నారు. వీధిలో ఇంకెవరూ లేరు. తినడం అయ్యాక ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టి, ఒటిలి వైపు చూసి, "పొయ్యి పొగ వస్తోంది. గొట్టం శుభ్రం చేయించాలి ఆ ఇంట్లో," అన్నారు. ఏ ఇల్లో చెప్పలేదు. వెళ్ళిపోయారు.

ఆ మహమ్మారి లీన్‌బాఖ్‌కు కూడా ఎగబాకింది. బుర్కార్ట్ గారు ఇల్లిల్లూ తిరిగి తైలం పూశారు, ఒక్క గుమ్మం వదల్లేదు. ద్రాక్ష కోతల నాటికి ఆయనా పోయారు. మెట్జి ఆ కబురు తెచ్చేసరికి పూడ్చి తొమ్మిది రోజులైంది.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అంది ఒటిలి.

"చెబితే వచ్చి ఏం చేసేదానివే? లోపలికి రానిచ్చేవాడు కాదు," అని మెట్జి ఏడ్చింది. ఒటిలి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

* * *

సభ ఇంకా ఏళ్ళ తరబడి సాగింది. రాజులు ఒక్కొక్కరే దూరమయ్యారు. చివరికి ఎవరూ పట్టించుకోకుండానే ముగిసింది. గాడిద మీద అధికారి మళ్ళీ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. అఫ్రాను గురువుగారి కూతురని మనవాళ్ళెవరూ చేసుకోలేదు. ఆల్ప్స్ అవతలి నుంచి వచ్చిన కాగితం పనివాడొకడు, పుట్టుక సంగతి అడగకుండా చేసుకున్నాడు.

ఒటిలి ముసలిదయ్యాక ఒక పిల్ల వెతుక్కుంటూ వచ్చింది. లీన్‌బాఖ్‌కు వచ్చిన కొత్త గురువుగారి వంటమనిషి. పేరు యూట్ట. నెల తప్పింది. మిల్లు మెట్జి పంపిందట.

"అమ్మా, నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావట కదా. నన్నేం చెయ్యమంటావు? ఉండమంటావా, వెళ్ళిపొమ్మంటావా?"

ఒటిలి ఆమెకు ఉల్లిపాయ రొట్టె పెట్టింది. పిల్ల ఆకలిగా తింటుంటే చూసింది.

"ఆయన నీతో మంచిగా ఉంటాడా?"

"ఉంటాడమ్మా. చాలా మంచాయన."

"అయితే నన్నడక్కు తల్లీ. నన్నడిగితే ఉండమనే చెప్తాను."

యూట్ట కళ్ళు తుడుచుకుని, మిగిలిన రొట్టె గుడ్డలో కట్టుకుని, ఎగువకు పోయే పడవ కోసం బయలుదేరింది. ఒటిలి రేవు దాకా వెంట వెళ్ళింది. గాలి చల్లగా ఉందని తన శాలువ తీసి ఆ పిల్ల భుజాల మీద కప్పింది. పడవ ఒడ్డు వదిలాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది. అఫ్రా వచ్చి, "అమ్మా, చలి. ఇంటికి రా," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ చలికాలమే ఒటిలి దగ్గు ముదిరి పోయింది. గురువుగారి దగ్గరున్న మనిషని లీన్‌బాఖ్‌లో పూడ్చడానికి అక్కడి గుడి పెద్దలు ఒప్పుకోలేదు. పట్నం గోడ పక్కన, మహమ్మారి నాటి గోతులున్న స్థలంలో పూడ్చారు. వీగండ్‌ను కూడా అక్కడే ఎక్కడో పెట్టారు. ఏ చోటనో ఎవరికీ తెలియదు.